తొమ్మిదో సరే

క్యాంటీన్ వెనక గది,
జనవరి 12

అక్కా,

నువ్వు మూడుసార్లు ఫోన్ చేశావు, నేను ఎత్తలేదు. అలగకు. ఎత్తితే మాట్లాడాలి. ఈ చలిలో మాట్లాడితే దగ్గొస్తుంది, దగ్గితే మూట ఉబ్బి రాయిలా అవుతుంది. అది మెత్తబడేదాకా పావుగంట వెల్లకిలా పడుకుని రెండు చేతులతో నిమురుకుంటూ ఉండాలి. అంతసేపూ ఇక్కడ పప్పు అడుగంటుతుంది. అందుకని ఉత్తరం. ఇలాగైతే ఏం రాసినా నా పొట్ట ఊరుకుంటుంది.

మూటంటే తెలుసుగా, డాక్టర్లు హెర్నియా అంటారే, అదే. ఐదేళ్ళ కిందట పేగు చిల్లుపడి, ఆ చిన్నాసుపత్రిలో నిలువునా కోశారే, ఆ గాయం చీముపట్టి మళ్ళీ రెండుసార్లు విప్పి కుట్టారే, ఆ చోటే. నువ్వు చివరిసారి చూసినప్పుడు బత్తాయంత ఉంది. ఇప్పుడు నిలబడితే నా పాదాలు నాకు కనిపించవు. క్యాంటీన్‌కి కొత్తగా వచ్చినవాళ్ళు "వంటమనిషంటే ఇలా ఉండాలి!" అని నవ్వుతారు. నేనూ నవ్వుతాను, రెండు చేతులూ పొట్టకి అడ్డం పెట్టుకుని.

పోయినవారం పెద్దాసుపత్రికి వెళ్ళాను. స్కానింగ్ తీశారు. సర్జన్ తెర మీద చూపించాడు. సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి.

"మీ పేగుల్లో సగం దాకా బయటే ఉన్నాయి. ఇల్లు వదిలేసి వరండాలో కాపురం పెట్టాయనుకోండి. ఇన్నేళ్ళు ఖాళీగా ఉన్న ఇల్లు కుంచించుకుపోయింది. ఇప్పుడు వాటిని ఒక్కసారిగా లోపలికి తోస్తే ఊపిరితిత్తులకి చోటుండదు" అన్నాడు.

"మరి చెయ్యరా?" అన్నాను.

"చేస్తాం. కానీ నేనొక్కణ్ణీ నిర్ణయించను. గురువారం గురువారం ఎనిమిదిమందిమి కూర్చుంటాం. చర్మం సంగతి చూసే ఆయన, మత్తు డాక్టరు, ఊపిరితిత్తుల డాక్టరు, షుగరు డాక్టరు, ఫిజియో, డైటీషియన్, మా నర్సు, నేను. ఎనిమిదిమందీ సరే అనాలి. ఒక్కరు వద్దన్నా నేను కత్తి పట్టను."

ఎనిమిదిమంది నా పొట్ట గురించి మాట్లాడుకుంటారట! నీ పెళ్ళి మాటలప్పుడు కూడా అంతమంది కూర్చోలేదు.

జోకులేస్తున్నానని ధైర్యంగా ఉన్నాననుకోకు. ఇంటికొచ్చాక కూర తరుగుతూ వేలు తెగ్గోసుకున్నాను. ఐదేళ్ళ కిందట నన్ను అడక్కుండా అడ్డదిడ్డంగా కోసి పారేసిన ఆ కసాయి డాక్టర్ని తిట్టని రోజు లేదక్కా.

నీ తమ్ముడు

*

కళ్ళద్దాల దుకాణం,
జనవరి 17

ఒరేయ్ ఉప్పూ,

ఫోన్ ఎత్తనందుకు నీ చెవి మెలేద్దామనుకున్నాను. ఉత్తరం చదివాక ఆ చెవే తడమాలనిపించింది.

ఎనిమిదిమంది అంటే మంచిదేరా. మా దుకాణంలో చూడు, ఒక్క కంటికే "ఇది బాగుందా, అది బాగుందా" అని ఇరవైసార్లు అడిగి గానీ అద్దం కొయ్యం. ఒకసారి కోశాక అతికేది కాదు. వాళ్ళూ అంతే. ముందు అడుగుతున్నారంటే తొందరపడటం లేదన్నమాట.

ఆ నర్సుకి మా దుకాణం ఫోన్ నంబరు ఇచ్చిరా. నువ్వు చెప్పేవాటిలో సగం నమ్మేది కాదు. మీ బావ నిన్ను అడిగానని చెప్పమన్నాడు. కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా కళ్ళజోడు వెతుకుతూ అడిగాడు.

పాత సంగతులు తవ్వకు. తిట్టి ఏం లాభం? జరగాల్సింది చూడు.

అక్క

*

క్యాంటీన్ వెనక గది,
ఫిబ్రవరి 3

అక్కా,

గురువారం అయింది. వద్దన్నారు. "ఇప్పుడు" వద్దన్నారని నర్సు సర్దిచెప్పింది. పెద్దామె, అందరం పెద్దనర్సమ్మ అంటాం. నా చేత చెప్పులు విప్పించి అరికాళ్ళు కూడా చూసింది.

మూడు నెలల సగటు షుగరు తొమ్మిది పాయింటు రెండు ఉంది. ఏడున్నర కిందికి రావాలట. లేకపోతే లోపల పరిచే వల చీముపడుతుందట. వలంటే దోమతెర గుడ్డలా ఉంటుంది, పొట్టగోడకి దన్నుగా లోపల పరుస్తారు. బరువు పదకొండు కిలోలు తగ్గాలి. సిగరెట్ ఆ రోజే మానేశాను, పెట్టె తీసుకెళ్ళి నర్సమ్మ చేతిలోనే పెట్టాను. ఫిజియో అమ్మాయి మూడు బంతులున్న ఒక ప్లాస్టిక్ గొట్టం ఇచ్చింది. గాలి పీల్చి బంతులు పైకి లేపాలి. నాకు ఒక్కటే లేస్తోంది. మిగతా రెండూ నన్ను చూసి ఎకసెక్కంగా కింద కూర్చుంటాయి. డైటీషియన్ ఒక పుస్తకం ఇచ్చి తిన్నదల్లా రాయమంది.

ఇవన్నీ చేస్తాను. నన్ను హడలగొట్టింది వేరే మాట. మూట అడుగున చర్మం పల్చబడిందట, సర్జన్ వేలితో తాకి చూపించాడు. ఎప్పుడైనా పేగు మెలిపడితే అప్పటికప్పుడు కొయ్యక తప్పదట. "అప్పుడు మేం ఎనిమిదిమందిమి కూర్చునే తీరిక ఉండదు. ఆ పూట డ్యూటీలో ఎవరుంటే వాళ్ళు చేస్తారు. బతికే అవకాశం సగానికి సగం తగ్గిపోతుంది" అన్నాడు. దాచకుండా చెప్తాడు ఆ మనిషి. కాస్త దాచినా బాగుండు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. కోయించుకుంటే భయం, కోయించుకోకపోతే భయం. మెలికపడితే ఎలా ఉంటుందని అడిగాను. వాంతులు, మూట గట్టిపడి మెత్తబడకపోవడం అన్నారు. అప్పటినుంచి గంటకోసారి నొక్కి చూసుకుంటున్నాను. పిండి కలిపేవాణ్ణిగా, మెత్తగా ఉందో లేదో నాకు తెలుస్తుంది.

నీ తమ్ముడు

*

కళ్ళద్దాల దుకాణం,
ఫిబ్రవరి 9

ఉప్పూ,

ఉత్తరం గల్లాపెట్టె దగ్గర నిలబడి చదివాను. ఒకావిడ కళ్ళజోడుకి వచ్చి నా మొహం చూసి "తర్వాత వస్తాలెండి" అని వెళ్ళిపోయింది.

గంటకోసారి నొక్కుకోకు. రోజుకి రెండుసార్లు చాలు, నర్సమ్మని అడిగాను. అవును, నేనే ఫోన్ చేశాను. చెప్పింది చెయ్యి, రాయమన్నది రాయి. బంతుల సంగతి వారం వారం నాకు రాయి. ఒకటి లేస్తే ఒకటని రాయి, సిగ్గుపడకు.

నాకూ భయంగానే ఉంది. పెద్దదాన్ని కదా అని దాచుకోను.

అక్క

*

క్యాంటీన్ వెనక గది,
ఏప్రిల్ 28

అక్కా,

బంతులు: రెండు. బరువు: ఆరు కిలోలు తగ్గాను. సిగరెట్: లేదు. ఎనిమిదిమంది: మళ్ళీ వద్దన్నారు.

షుగరు తొమ్మిది. మూడు నెలలు కడుపు మాడ్చుకుంటే తగ్గింది రెండు పాయింట్లు! నా పుస్తకం చూడు, అద్దంలా ఉంటుంది. పొద్దున ఇంత, మధ్యాహ్నం ఇంత, సాయంత్రం గుప్పెడు. ఒక్క రోజు వదల్లేదు. షుగరు డాక్టరు ఇంజక్షన్ పెంచాడు, అయినా అంతే. డైటీషియన్ పుస్తకం తిరగేసి, నన్ను పైనుంచి కిందికి చూసి, "ఇందులో రాయనివి ఏమైనా ఉన్నాయా?" అంది. తల కొట్టేసినట్టయింది. దొంగని చూసినట్టు చూసిందక్కా. నీ మీద ఒట్టు, నేను తిన్న ప్రతి ముద్దా అందులో ఉంది.

మొన్న వంటింట్లో బస్తా పక్కకి జరుపుతుంటే మూట గట్టిపడింది. అరగంట మెత్తబడలేదు. చెమటలు పట్టాయి. అన్నం గంజి వార్చే చోట నేలమీద పడుకుని, మనిద్దరం చిన్నప్పుడు చదివిన ఎక్కాలన్నీ చదివాను. పదిహేడో ఎక్కంలో మెత్తబడింది. అది నాకు అప్పుడూ సరిగ్గా రాలేదు, ఇప్పుడూ రాలేదు.

నీ తమ్ముడు

*

కళ్ళద్దాల దుకాణం,
మే 4

ఉప్పూ,

నిన్న పెద్దనర్సమ్మ ఫోన్ చేసింది. "మీ తమ్ముడు అబద్ధం ఆడే మనిషిలా లేడు, కానీ షుగరూ అబద్ధమాడదు. మీకేమైనా తెలుసా?" అంది. తెలియదన్నాను. ఫోన్ పెట్టేశాక అమ్మ గుర్తొచ్చింది.

నీకు ఉప్పుగాడని పేరెందుకొచ్చిందిరా? పొయ్యి మీద ఏది ఉన్నా వేలు ముంచి నాకి, "ఉప్పు చాల్లేదు" అని చెప్పి పారిపోయేవాడివి. అమ్మ గరిటె పట్టుకుని వెంటపడేది. అన్నానికి కూర్చుంటే మాత్రం "ఆకలి లేదు" అనేవాడివి.

నిజం చెప్పు. ఆరువందలమందికి వండుతావు కదా, గిన్నె గిన్నెకీ రుచి చూస్తావా? అది పుస్తకంలో రాశావా?

అక్క

*

క్యాంటీన్ వెనక గది,
మే 19

అక్కా,

రాయలేదు.

ఎందుకు రాస్తాను? రుచి చూడటం తినడం కాదు కదా! ముప్పై ఏళ్ళుగా వండుతున్నాను, రుచి చూశాక ఎవరైనా "తిన్నాను" అంటారా? నోరు పనిముట్టు. గరిటె, కత్తి, నోరు. పనిముట్టు మింగింది లెక్కలోకి ఎలా వస్తుంది?

నీ ఉత్తరం వచ్చిన రోజు జేబులో సుద్దముక్క పెట్టుకుని, రుచి చూసినప్పుడల్లా గోడమీద గీత గీశాను. సాయంత్రానికి అరవైఒకటి. అందులో పాకం పద్నాలుగు, పాయసం తొమ్మిది. శుక్రవారం కదా, తీపి పెట్టే రోజు. ఆ గోడ ముందు నిలబడి నాకే కళ్ళు తిరిగాయి.

డైటీషియన్‌కి చెప్పాను. ముందు నవ్వింది, తర్వాత నవ్వు ఆపుకుని క్షమించమంది. "నేనే అడిగి ఉండాల్సింది. వంటమనిషిని పట్టుకుని ఏం తిన్నావని అడిగాను గానీ, ఏం నాకావని అడగలేదు" అంది. ఆ గురువారం ఎనిమిదిమందికీ చెప్పిందట. మత్తు డాక్టరమ్మ "వైద్యం చదివినవాళ్ళం ఇంతమందిమి ఉన్నాం, కళ్ళద్దాలమ్మే అక్క కనిపెట్టింది" అందట. నీ పేరు అక్కడ మోగిపోతోంది.

ఇకనుంచి రుచి చూసే పని మా రెండో వంటమనిషి మీసాలాయనది. ఉప్పు నాలుగు గింజలు ఎక్కువేస్తాడు, ఏం చేస్తాం. నాకు మాత్రం చేతులు కట్టేసినట్టుంది. రుచి చూడకుండా గిన్నె దించడమంటే కళ్ళు మూసుకుని రోడ్డు దాటడమే.

నీ తమ్ముడు

*

కళ్ళద్దాల దుకాణం,
ఆగస్టు 20

తమ్ముడూ,

జూన్ ఆఖరున ఎనిమిదీ ఒకటి అని రాశావు. నేను దుకాణంలో అందరికీ చెప్పాను. మీ బావ ఇంకొక్క మెట్టు అన్నాడు. తర్వాత నువ్వు ఉత్తరాలు తగ్గించావు. వచ్చినవాటిలోనూ బంతుల గురించి రాస్తావు, వాన గురించి రాస్తావు, మీసాలాయన గురించి రెండు పేజీలు రాస్తావు. షుగరు మాట లేదు.

ఇవాళ నర్సమ్మ చెప్పింది. మళ్ళీ ఎనిమిదీ ఆరు.

తగ్గినది ఎలా పెరిగిందిరా? ఆమె గొంతులో కోపం లేదు, భయం ఉంది. పోయిన నెల స్కానింగ్‌లో చర్మం ఇంకా పల్చబడిందట, ఆ సంగతీ నాకు రాయలేదు. అరచేతిలో ప్రాణాలు పెట్టుకుని నేనిక్కడ పోస్టు కోసం చూస్తుంటే నువ్వు నాకు మీసాల కథలు చెప్తున్నావు.

ఏం జరుగుతోంది? తిట్టను. రాయి.

అక్క

*

క్యాంటీన్ వెనక గది,
ఆగస్టు 27

అక్కా,

తిట్టనన్నావు, గుర్తుపెట్టుకో.

మేలో జరిగింది పొరపాటు. జూలైలో జరిగింది పొరపాటు కాదు.

ఎనిమిదీ ఒకటి వచ్చిన రోజు అందరూ సంతోషించారు. ఫిజియో అమ్మాయి చప్పట్లు కొట్టింది. సర్జన్ "ఇంకో మూడు నెలలు ఇలాగే ఉంటే తేదీ పెడదాం" అన్నాడు. తేదీ అన్న మాట వినగానే మిగతాది వినకుండా లేచొచ్చేశాను. ఇంటికొచ్చి గదిలో కూర్చుంటే ఆ చిన్నాసుపత్రి మంచం కళ్ళముందుకొచ్చింది. నీకెప్పుడూ చెప్పలేదు. అప్పుడు మెలకువ వచ్చేసరికి గొంతులో గొట్టం ఉంది. చేతులు మంచానికి కట్టేసి ఉన్నాయి. అరవాలంటే గొంతు లేదు. ఎవరో ఇద్దరు పక్కన నిలబడి వాళ్ళ ఇంటి అద్దె గురించి మాట్లాడుకుంటున్నారు. నేను బతికున్నానని వాళ్ళకి తెలియదేమో అనుకున్నాను. ఎంతసేపో తెలియదు. ఇప్పటికీ గొంతుకి ఏదైనా అడ్డంపడితే ఆ మంచం మీదికే వెళ్ళిపోతాను.

మర్నాడు పాకం దించుతుంటే మీసాలాయన బయటికెళ్ళాడు. గరిటె నా చేతిలో ఉంది. రుచి చూశాను. బాగుంది. ఇంకో గరిటె తాగాను. అది రుచి చూడటం కాదని నాకు తెలుసు. ఎనిమిదిమందిలో ఒక్కరు వద్దన్నా కత్తి పట్టరు కదా. ఎవరో ఒకరు వద్దనేలా చూసుకుంటే చాలు కదా. నా నోటితో నేను వద్దని చెప్పాలంటే సిగ్గు. అంతమంది నాకోసం పాటుపడుతున్నారు. షుగరు నా బదులు చెప్తుందనుకున్నాను. రోజూ సామాన్ల గదిలో, తలుపు దగ్గరగా వేసుకుని, రెండు గరిటెలు.

చచ్చిపోతానని భయపడుతున్నావా అంటే, అదీ ఉంది. అంతకంటే ఆ మంచం మీద మెలకువ రావడమంటే భయం. అప్పుడు నన్ను అడక్కుండా కోశారు. ఇప్పుడు అడుగుతున్నారు, సరే అనే దమ్ము నాకు లేదు.

ఈ ఉత్తరం చించెయ్యి.

నీ తమ్ముడు

*

ఇంట్లో,
సెప్టెంబరు 2

తమ్ముడూ,

చించలేదు. దుకాణానికి వెళ్ళకుండా ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. ఇది నాలుగో కాగితం. మిగతా మూడూ చించాను.

నిన్ను అడక్కుండా కోశారని అంటావు. నిజమే, నిన్ను అడగలేదు. నీకు స్పృహ లేదు. నన్ను అడిగారు.

ఆ డాక్టరు కసాయి కాదురా. ముసలాయన, తొడుక్కున్న చొక్కా గుండీలు కూడా సరిగ్గా పెట్టుకోలేదు, ఇంట్లోంచి పరిగెత్తుకొచ్చాడు. "అమ్మా, ఇక్కడ సదుపాయాలు తక్కువ. పెద్దాసుపత్రికి రెండు గంటల దారి. అక్కడైతే బాగా చేస్తారు, కానీ దారిలో ఏమవుతుందో నేను చెప్పలేను. ఇక్కడే చెయ్యమంటారా, తీసుకెళ్తారా? మీరే చెప్పాలి" అన్నాడు. మీ బావ ఊళ్ళో లేడు. నేనొక్కదాన్నే. నీ మొహం బూడిద రంగులో ఉంది. నాకు ఆలోచించడానికి ధైర్యం లేదు. ఇక్కడే చెయ్యండి అన్నాను. సంతకం నాది.

తర్వాత గాయం చీముపట్టింది, మళ్ళీ విప్పారు, మళ్ళీ కుట్టారు, ఆఖరికి ఆ మూట వచ్చింది. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి ఉంటే ఇవేవీ ఉండేవి కావేమో. నువ్వు ఆ డాక్టర్ని తిట్టిన ప్రతిసారీ ఆ తిట్టు నాకే తగిలేది. "పాత సంగతులు తవ్వకు" అని నీకు రాసేదాన్ని. నీకోసం కాదు రాసింది, నాకోసం.

ఐదేళ్ళు దాచాను. నీ దగ్గర పాకం గరిటె, నా దగ్గర ఇది. ఎవరిది పెద్ద తప్పో నువ్వే చెప్పు.

ఇక నన్ను తిట్టుకో. కానీ ఆ ఎనిమిదిమందికి నీ భయం గురించి నీ నోటితో చెప్పు. షుగరు చేత చెప్పించకు.

అక్క

*

క్యాంటీన్ వెనక గది,
సెప్టెంబరు 25

అక్కా,

మూడు వారాలు రాయలేదు. కోపంతోనే రాయలేదు, అబద్ధమెందుకు. మొదటి వారం నీ మీద కోపం. రెండో వారం, చెప్పడానికి ఐదేళ్ళు పట్టిందని కోపం. మూడో వారం కోపం అయిపోయింది, ఏం రాయాలో తెలియక ఊరుకున్నాను.

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాను. గరిటెల సంగతి, మంచం సంగతి పెద్దనర్సమ్మకి చెప్పాను. ఆమె తిడుతుందనుకున్నాను. కుర్చీ దగ్గరికి జరుపుకుని "ఇంకా చెప్పండి" అంది. అంతే, పెద్దమనిషినని కూడా చూసుకోకుండా ఏడ్చేశాను.

తర్వాత సర్జన్ని అడిగాను, ఆ రోజు రెండు గంటలు ప్రయాణం చేసి ఉంటే ఏమయ్యేదని. పాత కాగితాలు తెప్పించుకుని చదివాడు. "చెప్పలేను. బతికేవారేమో, దారిలోనే పోయేవారేమో. కానీ ఆ కాగితాలు చదివాక, మీ అక్కగారి చోట నేనున్నా అక్కడే సంతకం పెట్టేవాణ్ణి" అన్నాడు. దాచకుండా చెప్పే మనిషని రాశాను కదా. ఇదీ అలాగే చెప్పాడనుకుంటున్నాను. నువ్వూ అలాగే అనుకో.

ఇంకో మాట కూడా అన్నాడు. "ఎనిమిది సరేలు చాలని మీకు చెప్పడం నా తప్పు. తొమ్మిది కావాలి. తొమ్మిదోది మీది. మీరు వద్దంటే వద్దు. దానికి పాకం తాగక్కర్లేదు."

మత్తు డాక్టరమ్మ గంటసేపు కూర్చుంది. గొట్టం ఎందుకు పెడతారో, ఎప్పుడు తీస్తారో చెప్పింది. వీలైతే మెలకువ రాకముందే తీస్తారట. ఊపిరితిత్తులు తట్టుకోకపోతే ఒకటి రెండు రోజులు ఉంచాల్సి రావచ్చట. "అలాగైతే మీ చేతులు కట్టం. మీ పక్కన ఒకరు ఉంటారు, మీ పేరు పెట్టి పిలుస్తారు. కాగితం, పెన్సిలు మీ చేతికి అందేలా మంచానికి కట్టిస్తాను" అంది. అది పెద్దక్షరాలతో నా ఫైలు మీద రాయించింది. నేను చదివి చూసుకున్నాను.

సామాన్ల గది తాళంచెవి మీసాలాయనకిచ్చేశాను.

సరే అని ఇంకా అనలేదు. ఆలోచిస్తున్నాను.

నీ తమ్ముడు

*

క్యాంటీన్ వెనక గది,
డిసెంబరు 19

అక్కా,

ఏడూ రెండు. పదకొండు కిలోలూ తగ్గాను. మూడు బంతులూ లేచాయి. గురువారం ఎనిమిదిమందీ సరే అన్నారట. నర్సమ్మ బయటికొచ్చి నన్ను చూస్తూ నిలబడింది. నేను సరే అన్నాను. గొంతు పీలగా వచ్చింది, రెండోసారి గట్టిగా అన్నాను.

నిన్న పొట్టకి రెండు పక్కలా ఇంజక్షన్లు చేశారు, ముఖంమీద ముడతలకి వేస్తారే, అవే. పక్క కండరాలు వదులై సాగుతాయట. నెల తర్వాత ఆపరేషన్, జనవరి పదహారు. నా పొట్టకి ఇంక ముడతలు రావు, మీ బావకి చెప్పు.

ఒప్పుకోలు కాగితం మీద ఈసారి సంతకం నేనే పెట్టాను. చదివి, అర్థంకానివి అడిగి, పెట్టాను. కింద సాక్షి సంతకానికి ఒక గీత ఉంది. నర్సమ్మ పెడతానంది. వద్దన్నాను. అది నీకోసం ఖాళీగా ఉంచాను. ఏమైనా అయితే ఈసారి అది నీ మీద పడదు, పైన నా పేరుంది. నువ్వు చూశానని రాస్తే చాలు.

అయినా భయంగానే ఉంది. రా.

నీ తమ్ముడు

*

ఆపరేషన్ గది బయట బెంచీ,
జనవరి 16

ఉప్పూ,

మెలకువ వచ్చాక నర్సమ్మ నీకు చదివి వినిపిస్తానంది. అందుకని రాస్తున్నాను.

పొద్దున నీ సంతకం కింద ఖాళీ గీత మీద నా సంతకం పెట్టాను, చూశానని రాశాను. నువ్వు లోపలికెళ్ళి ఏడు గంటలైంది. ఆ తలుపు తెరుచుకున్నప్పుడల్లా నేను లేచి నిలబడుతున్నాను. ఎదురుగా కూర్చున్న పెద్దాయన కూడా నన్ను చూసి లేస్తున్నాడు, ఆయనకి లోపల ఎవరున్నారో నాకు తెలియదు. ఇద్దరం లేస్తున్నాం, కూర్చుంటున్నాం.

ఇప్పుడే సర్జన్ వచ్చాడు. టోపీ తీస్తే నుదుటిమీద గీత పడి ఉంది. పేగులన్నీ లోపలికి వెళ్ళాయట, వల పరిచారట, గోడ మూసుకుందట. కానీ ఊపిరితిత్తుల మీద ఒత్తిడి ఎక్కువగా ఉందట, ఒకటి రెండు రోజులు గొట్టం ఉంచుతారట.

నువ్వు దేనికి భయపడ్డావో అదే వచ్చిందిరా. నన్ను లోపలికి రానివ్వరు. నీ పేరు పెట్టి పిలవమని, చేతులు కట్టొద్దని నర్సమ్మకి మళ్ళీ చెప్పాను. "ఫైలు మీద ఉందమ్మా, నాకు తెలుసు" అంది. అయినా మూడోసారి చెప్పాను.

అక్క

*

ఐసీయూ, మూడో మంచం,
జనవరి 17

అకా

గొట్టం ఉంది. చేతులు విడిగా ఉన్నాయి. పెన్సిలు ఉంది.

నా పేరు పిలిచారు.

నువు బెంచీ మీదే ఉన్నావా

*

బయట బెంచీ,
జనవరి 17

ఉన్నాను. నీ అక్షరాలు కోడి గెలికినట్టున్నాయి. అంత మంచి చేతిరాత నేనెప్పుడూ చూడలేదు. నీకూ నాకూ మధ్య ఒక గోడే ఉంది. నేను ఇటు పక్క దానికే ఆనుకుని కూర్చున్నాను.

అక్క

*

ఐసీయూ, మూడో మంచం,
జనవరి 19

అక్కా,

నిన్న గొట్టం తీశారు. గొంతు ఇంకా రాలేదు, అందుకే ఇది. లేచి నిలబెట్టారు, ఇద్దరు చెరోపక్క పట్టుకున్నారు. కిందికి చూశాను. పాదాలు కనిపించాయి. గోళ్ళు పెరిగిపోయాయి, నువ్వు లోపలికొచ్చేటప్పుడు కత్తెర తీసుకురా. నవ్వించే మాటలు మాత్రం తీసుకురాకు, కుట్లు లాగుతున్నాయి.

పొద్దున డైటీషియన్ గిన్నెలో పల్చటి గంజి తెచ్చి చెంచా నా చేతికిచ్చింది. నాలుగు చెంచాలు. ఉప్పు చాల్లేదు. రుచి చూశారా అంది. లేదు, తిన్నాను, పుస్తకంలో రాసుకోండి అని పెన్సిలుతో రాసి చూపించాను.

నీ తమ్ముడు